బడి గోడ పక్కన సహదేవికి చోటివ్వండి

ఆగస్టు 15 దగ్గర పడుతోందంటే మన ఊరి బళ్ళన్నిటిలో శ్రమదానం మొదలవుతుంది. జెండా దిమ్మెకు సున్నం కొడతారు. మెట్లు కడుగుతారు. గోడల వెంట మొలిచిన ప్రతి పచ్చని మొక్కనూ పిల్లల చేత పీకిస్తారు. సాయంత్రానికి నేలంతా ఎర్రగా, నున్నగా కనిపిస్తుంది. చూసినవాళ్ళంతా "ఎంత క్లీన్‌గా ఉందో!" అని మెచ్చుకుంటారు.

నాకు అందులో మెచ్చుకోవలసింది ఏమీ కనిపించదు. కాగితాలు, ప్లాస్టిక్ కవర్లు, చాక్లెట్ తొడుగులు ఏరితే అది శుభ్రం. పూస్తున్న మొక్కను వేరుతో సహా లాగి చెత్తకుప్పలో వేస్తే అది శుభ్రం ఎలా అవుతుంది? మొక్క చెత్త కాదు. మనం పీకి పారేసే వాటిలో ఈ నేలలోనే పుట్టి, ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసి, తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ తిండి పెట్టే మొక్కలు ఉన్నాయి. వాటి కోసమే ఈ వ్యాసం. నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి బడిలో గోడ వెంట ఇరవై అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు స్థలం ఆ పూలకు వదలండి.

ముందు ఆ మొక్కలు ఏవో చెబుతాను. ఇంగ్లీషు పుస్తకాల్లో డైసీ అనే పువ్వు బొమ్మ చూస్తుంటాం. చుట్టూ తెల్లని రేకులు, మధ్యలో పసుపు బొట్టు. అది యూరప్ పువ్వు. అలాంటిది మన దగ్గర ఎక్కడిది అనుకుంటాం. కానీ డైసీ చుట్టాలు మన బడి గోడ పక్కనే ఉన్నాయి. డైసీ, చామంతి, బంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఒకే కుటుంబం. సైన్సులో దాన్ని ఆస్టరేసీ అంటారు. మనం చామంతి కుటుంబం అనుకోవచ్చు. ఈ కుటుంబంలో మనం ఒక పువ్వు అని అనేది నిజానికి ఒక్క పువ్వు కాదు, చాలా చిన్న పువ్వుల గుత్తి. పొద్దుతిరుగుడు తలలో ఎన్ని గింజలు చూస్తామో కనీసం అన్ని చిన్న పువ్వులు అందులో పూసినట్టు లెక్క. పురుగు ఒక్కసారి వాలితే చాలు, కదలకుండానే ఎన్నో పువ్వుల్లో తేనె తాగవచ్చు.

ఈ కుటుంబంలో మన నేల మొక్క సహదేవి. కొన్ని చోట్ల గరిటకమ్మ అంటారు. కన్నడంలోనూ దాని పేరు సహదేవే. సన్నని కాడ, మోకాలు దాకా ఎత్తు, కొనలో లేత ఊదా రంగు కుచ్చులు. రేకులు ఉండవు కాబట్టి ఎవరూ దాన్ని పువ్వుగా లెక్క పెట్టరు. పువ్వు ఎండితే తెల్లని దూది తలలు విచ్చుకుని, విత్తనాలు గాలిలో ఎగిరిపోతాయి. మన అవ్వలు దాన్ని జ్వరానికి మందాకుగా గుర్తుపడతారు. మనకేమో అది కలుపు.

ఇంకొకటి బోడసరం. వరి కోసిన మడిలో, చెరువు నీళ్ళు తగ్గిన అంచున నేలకు దగ్గరగా పరుచుకుని పెరుగుతుంది. గుండ్రని చిన్న బంతుల్లా ఊదా పూలు పూస్తుంది. ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది. కోలారు జిల్లా అంటేనే చెరువుల జిల్లా కదా. బోడసరం పేరు మన తాతలకు తెలుసు, మనలో ఎంతమందికి తెలుసో ఎవరికి వారే చూసుకోండి.

వీటిని పీకేసి ఆ చోట మనం ఏం పెడుతున్నాం? నర్సరీ నుంచి డబ్బులిచ్చి క్రోటన్ మొక్కలు తెస్తాం. కార్పెట్ గడ్డి పరుస్తాం. లేకపోతే ఇంటర్‌లాక్ టైల్స్ వేసేస్తాం. క్రోటన్‌లో మనం చూసేది ఆకు రంగులే. ఎప్పటికప్పుడు కత్తిరించే గడ్డి పూయనే పూయదు. టైల్స్ సంగతి చెప్పనక్కరలేదు. తేనెటీగ వైపు నుంచి చూస్తే ఇది మూసేసిన హోటల్. బోర్డు రంగురంగులుగా ఉంటుంది, లోపల తినడానికి ఏమీ ఉండదు.

పైగా నీళ్ళు. మన జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వెయ్యి అడుగులు దాటి బోర్లు వేస్తున్నారు. ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని నిలబడే ఊళ్ళో కార్పెట్ గడ్డికి రోజూ పైపు పెట్టి నీళ్ళు కొడితే అది ఏ లెక్కన అందం? సహదేవి వాన నీళ్ళతోనే బతుకుతుంది.

కత్తిరించిన పచ్చగడ్డి మీద మోజు మనకు ఎక్కడి నుంచి వచ్చింది? మన పక్కనే ఉన్న కేజీఎఫ్‌ను ఒకప్పుడు లిటిల్ ఇంగ్లాండ్ అనేవారు. జాన్ టేలర్ కంపెనీ 1880లో ఇక్కడ గనుల పని మొదలుపెట్టాక దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం అన్నీ వచ్చాయి. మన బంగారుపేటకు కూడా అప్పట్లో బౌరింగ్ దొర పేరు మీద బౌరింగ్‌పేట అనే పేరు ఉండేది. దొరలు తమ ఊరి తోటను ఇక్కడ పెట్టుకున్నారు, అది వాళ్ళ ఇష్టం. కానీ ఇప్పుడు ఆ ఇంగ్లాండ్‌లో ఏం జరుగుతోందో చూడండి. ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ 2019 నుంచి "మే నెలలో గడ్డి కోయకండి" అని అక్కడి జనాన్ని అడుగుతోంది. గడ్డిలో డైసీలు పూస్తే తేనెటీగలు బతుకుతాయని. గడ్డిని నున్నగా కత్తిరించడం నేర్పినవాళ్ళే ఇప్పుడు కత్తిరించవద్దు అంటున్నారు. మనం మాత్రం పాత పాఠమే చదువుతున్నాం.

"తేనెటీగలు లేకపోతే మనకేం పోయింది? బజారులో తేనె సీసా దొరుకుతుంది కదా" అని ఒక అన్న నాతో అన్నాడు. పోయేది తేనె కాదు, పంట. ప్రపంచంలో తిండి కోసం వేసే పంట రకాల్లో నాలుగింట మూడు వంతులు ఎంతో కొంత పురుగులూ పక్షులూ చేసే పరాగ సంపర్కం మీద ఆధారపడతాయని 2016లో ఐక్యరాజ్యసమితి మద్దతుతో పనిచేసే శాస్త్రవేత్తల బృందం చెప్పింది. మన జిల్లా లెక్క ఇంకా దగ్గరగా చూద్దాం. రాగికి తేనెటీగ అక్కరలేదు, నిజమే. కానీ గుమ్మడి, దోస, సొర, బీర, కాకర వీటిలో మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. మగ పువ్వులోని పుప్పొడిని ఎవరో ఒకరు ఆడ పువ్వుకు మోసుకుపోవాలి. ఆ ఎవరో ఎక్కువగా తేనెటీగే. శ్రీనివాసపురం మామిడి తోటల్లో పూత మీద ఈగలూ తేనెటీగలూ వాలితేనే కాయ నిలుస్తుంది. మామిడి పూత కొన్ని వారాలే ఉంటుంది. మిగతా ఏడాదంతా ఆ పురుగులు ఏం తిని బతకాలి? గట్టు మీద, గోడ పక్కన పూసే చిన్న పూలే వాటికి తిండి. సహదేవి ఏడాదిలో ఎక్కువ నెలలు పూస్తుంది.

ఇక టమాటా. కోలారు టమాటా మార్కెట్ ఎంత పెద్దదో మనకు ఎవరూ చెప్పక్కరలేదు. మన తరగతుల్లో చాలామంది ఇళ్ళు దాని మీదే నడుస్తున్నాయి. టమాటా పువ్వు ఒక విచిత్రం. అందులో మకరందం ఉండదు. పుప్పొడి గొట్టం లాంటి కేసరాల లోపల దాగి ఉంటుంది. గాలికి పువ్వు ఊగితే కొంత రాలుతుంది. కానీ పువ్వును పట్టుకుని ఒళ్ళంతా గట్టిగా వణికించి పుప్పొడి దులిపే తేనెటీగలు కొన్ని ఉన్నాయి. పొట్ట మీద నీలి చారలు ఉండే తేనెటీగ వాటిలో ఒకటి. తేనెపట్టు పెట్టే మామూలు తేనెటీగలకు ఈ విద్య రాదు. ఇప్పుడు ఆలోచించండి. టమాటా పువ్వులో మకరందం లేదంటే ఆ నీలి చారల ఈగ దాహం ఎక్కడ తీర్చుకోవాలి? చేను అంచున ఉండే తుమ్మి, తులసి, ఇలాంటి అడవి పూల దగ్గరే. అది పట్టు కట్టదు, మట్టిలో చిన్న బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది. గట్టు మీద కలుపు మందు కొట్టి, బడిలో టైల్స్ పరిచి, మనం దాని తిండినీ ఇంటినీ ఒకేసారి తీసేస్తున్నాం. తర్వాత కాపు తగ్గిందని ఇంకో మందు కొంటాం.

తేనెటీగలు ఎప్పుడూ ఉంటాయిలే అనే ధీమా మంచిది కాదు. 1991, 1992లో ఒక వైరస్ జబ్బు దక్షిణ భారతంలో మన నాటు తేనెటీగల పట్లను చాలావరకు తుడిచిపెట్టింది. పెట్టెల్లో ఈగలను పెంచేవాళ్ళ జీవనం దెబ్బతింది. జబ్బును మనం ఆపలేకపోవచ్చు. ఆకలిని ఆపవచ్చు కదా.

ఇప్పుడు ఎదురు ప్రశ్నలకు వస్తాను. మొదటిది, అందరూ అడిగేది: "అలా వదిలేస్తే కాంగ్రెస్ గిడ పెరిగిపోతుంది." ఇది నిజమైన భయం. మనం కాంగ్రెస్ గిడ అని పిలిచే ఆ వయ్యారిభామ కూడా చామంతి కుటుంబానిదే. అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1950ల్లో పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకింది. ముట్టుకుంటే కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి, కొందరికి ఆయాసం వస్తుంది. కర్ణాటక ప్రభుత్వం 1975లోనే దాన్ని హానికరమైన కలుపుగా ప్రకటించింది. దాని ఆకులు తినే ఒక పెంకు పురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. అయినా రైలు పట్టాల వెంట అది ఇంకా తెల్లగా పూస్తూనే ఉంది. దాన్ని పీకాలి. పూయకముందే, చేతికి తొడుగు వేసుకుని, పెద్దవాళ్ళు పీకాలి. ఇందులో నాకు వాదన లేదు.

నా వాదన ఒక్కటే. వయ్యారిభామకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఖాళీ నేల. మనం సహదేవినీ తుమ్మినీ గడ్డినీ అన్నిటినీ గీకి నున్నగా చేస్తే, తర్వాతి వానకు అక్కడ ముందు మొలిచేది అదే. అన్నీ పీకడం వయ్యారిభామ మీద యుద్ధం కాదు, దానికి మనమే చేసి పెడుతున్న దుక్కి. ఏది మంచిది, ఏది చెడ్డది తెలిసి పీకాలంటే మొక్కల పేర్లు తెలియాలి. పేర్లు తెలియని పిల్లల చేత పీకిస్తే అన్నీ పోతాయి.

ఖాళీ నేల అంటే ఏమిటో కేజీఎఫ్ పక్కన ఉండే మనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సైనైడ్ దిబ్బలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. గాలి కాలంలో ఆ దుమ్ము ఇళ్ళ మీదికి వస్తుంది. మొక్క వేరు పట్టుకోని మట్టి ఊరుకోదు, లేస్తుంది. బడి ఆవరణ మట్టిలో విషం లేకపోవచ్చు, కానీ దుమ్ము దుమ్మే. గోడ పక్కన మొక్కలుంటే అక్కడి మట్టి అక్కడే ఉంటుంది.

రెండో ప్రశ్న కొంచెం తెలివైనది. "నేల మొక్కలు, పరాయి మొక్కలు అని ఎందుకు విడదీస్తావు? గడ్డి చామంతి కూడా అమెరికాదే, దాని మీద సీతాకోకచిలుకలు వాలడం లేదా?" వాలుతాయి. బంతి మెక్సికోది, టమాటా, మిరప కూడా అటువైపు నుంచి వచ్చినవే. మనం వాటిని వద్దనలేదు, వద్దనకూడదు. నేను ఈ మాట వాడేటప్పుడు జాగ్రత్తగా ఉంటాను. తెలుగు మీడియంలో చదువుతున్నామంటే చాలు, "మీది ఆంధ్రానా?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. తాతల కాలం నుంచి ఇక్కడి రాగిముద్ద తిని పెరిగినవాళ్ళం మనం. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు అన్నది కాదు, వచ్చి ఏం చేస్తున్నారు అన్నదే చూడాలి. గడ్డి చామంతి వచ్చి ఈగలకు తేనె ఇస్తోంది, ఉండనీ. వయ్యారిభామ వచ్చి పక్కవాళ్ళను మొలవనివ్వడం లేదు, దాన్ని తీసేయాలి.

అయితే సహదేవి కోసమే ఎందుకు అడుగుతున్నాను? బంతిని మనం పండగకు కొంటాం, కాబట్టి రైతు వేస్తాడు. చామంతిని దండకు కొంటాం. గడ్డి చామంతి ఎక్కడ తొక్కినా మళ్ళీ మొలుస్తుంది. సహదేవికీ బోడసరానికీ బజారు లేదు. ఏ నర్సరీలోనూ కుండీలో పెట్టి అమ్మరు. గట్టు మీద మందు, చెరువు అంచున ప్లాట్లు, బడిలో టైల్స్. అన్ని చోట్లా పోతే మళ్ళీ తెచ్చి పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఈ నేల పురుగులూ ఈ నేల పూలూ ఎన్నో వేల ఏళ్ళు కలిసి బతికాయి. ఆ చుట్టరికం తెగితే డబ్బిచ్చి కొనలేం.

మూడో ప్రశ్న: "పాములు వస్తాయి, ఈగలు కుడతాయి." పాము దాక్కునేది రాళ్ళ గుట్టలో, పాత కలప కింద, నడుము ఎత్తు పొదలో. మోకాలు ఎత్తు మొక్కల వరుసను అప్పుడప్పుడు సవరిస్తుంటే, చుట్టూ రెండు అడుగులు ఊడ్చి ఉంచితే భయం తగ్గుతుంది. నీళ్ళ ట్యాంకు కింద పెద్ద తేనెపట్టు పెట్టే ఈగల సంగతి వేరు, వాటి జోలికి పోకూడదు. పూల మీద ఒంటరిగా తిరిగే చిన్న ఈగలు మనం నలిపితే తప్ప కుట్టవు. ఎవరికైనా ఎలర్జీ ఉంటే ఆ వరుసను తరగతి గదికి దూరంగా పెట్టండి. చిన్న పిల్లలు ఆడుకునే చోట పెట్టమని నేను అడగడం లేదు.

నాలుగోది ప్రశ్న కాదు, అలవాటు. పీకడానికి టైం లేదని కలుపు మందు కొట్టడం. గ్లైఫోసేట్ మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని 2022లో కేంద్ర ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. పొలంలోనే అంత జాగ్రత్త కావాలన్న మందును పిల్లలు కూర్చుని అన్నం తినే చోట ఎలా కొడతారు? బడుల్లో ఏ కలుపు మందూ వాడకూడదు. దీనికి మినహాయింపు ఉండకూడదని నా అభిప్రాయం.

ఇక ఎలా చేయాలో చెబుతాను, ఎందుకంటే పని చెప్పని వాదన సగం వాదనే. ఎండ బాగా తగిలే గోడ పక్కన చోటు ఎంచుకోవాలి. సహదేవి పువ్వు ఎండి దూది విచ్చుకున్నప్పుడు, గాలికి ఎగరకముందే, ఆ తలలను కాగితం కవర్‌లోకి దులుపుకోవాలి. వాన పడ్డాక నేలను పైపైన గీకి, విత్తనాన్ని కొంచెం ఇసుకతో కలిపి చల్లాలి. చాలా సన్న విత్తనం కాబట్టి మట్టి మందంగా కప్పకూడదు. ఎరువు వేయనక్కరలేదు. చేతులు కడిగే కొళాయి నీళ్ళు పారే చోట బోడసరం పెట్టవచ్చు, దానికి తడి ఇష్టం. మధ్యలో తుమ్మి, తులసి ఉంటే ఇంకా మంచిది. ఒక మూల రెండు అడుగుల మట్టిని ఏమీ వేయకుండా, తవ్వకుండా వదలాలి, నేలలో గూడు చేసే ఈగల కోసం. అక్కడ వయ్యారిభామ తల ఎత్తితే మాత్రం చిన్నప్పుడే తీసేయాలి. ప్రతి మొక్క దగ్గర తెలుగులోనూ కన్నడంలోనూ పేరు రాసిన పలక పెట్టాలి. అనుమానం వస్తే అడగడానికి కోలారు పక్కన టమకలో ఉద్యాన కళాశాల ఉంది. ఖర్చు అంటారా, పలకలకు రంగు డబ్బా, అంతే.

హెడ్మాస్టర్ గారికి నా విన్నపం: దక్షిణపు గోడ పక్కన ఆ ఇరవై అడుగులు ఒక్క ఏడాది మా పదో తరగతికి అప్పగించండి. ఏయే పువ్వు మీద ఏయే పురుగు వాలిందో వారానికి ఒకసారి రాసి నోటీసు బోర్డులో పెడతాం. ఏడాది తర్వాత ఆ రాతలు చూసి ఉంచాలో తీసేయాలో మీరే చెప్పండి. సైన్స్ సార్‌కు: పరాగ సంపర్కం పాఠం ఆ గోడ దగ్గర చెప్పండి. తల్లిదండ్రులకు: చేను గట్టు మీద ఒక మూర వెడల్పు మందు కొట్టకుండా వదిలి చూడండి. తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ: శ్రమదానంలో ఎవరైనా "అన్నీ పీకెయ్యండి" అంటే, "ఏది పీకాలి సార్, దీని పేరేంటి?" అని మర్యాదగా అడగండి. పేరు చెప్పగలిగితే పీకండి. చెప్పలేకపోతే, తెలుసుకునేదాకా ఆ మొక్కను అక్కడే ఉండనివ్వండి.